కొండ తెలిసిన మంద

నా దారిని నా మొగుడే మూసేశాడు. అదీ నా కళ్ళెదుటే, నేను మేకులు అందిస్తుంటే.

"కాస్త తిన్నగా కొట్టు హెవిన్. వంకర బోర్డు చూసి జనం నవ్విపోతారు," అన్నాను.

"నవ్వడానికి ఎవడైనా ఇటు రావాలిగా. రాకూడదనేగా కొడుతున్నది," అన్నాడు పళ్ళ మధ్య మేకు పెట్టుకుని.

ఎర్రక్షరాల బోర్డు. దారి మూశాం, లోపలికి రావద్దు, గాలికుంటు, అని. రెండువేల ఒకటో సంవత్సరం మార్చి నెల అది. వేల్స్‌లో కొండదారులన్నీ అప్పుడే మూతపడ్డాయి. జబ్బు మా వైపు ఇంకా రాలేదు. రాకూడదనే మా గేటు ముందు గడ్డి పరిచి మందునీళ్ళు పోశాం. గేటు దాటాలన్నా, తిరిగి లోపలికి రావాలన్నా బూట్లు అందులో ముంచాల్సిందే.

ఆ దారి నా బతుకుదెరువు. లాన్‌గారన్ సంత చౌకులో గడియారం కింద ఎర్రగొడుగు పట్టుకుని నిలబడే ఆడమనిషి ఎవరంటే ఊళ్ళో ఎవరైనా చెప్తారు, ఐర్లిస్ గొడుగు అని. మా ఊళ్ళో సగంమందికి ఒకటే పేరు. అందుకని పనిని బట్టో, పొలాన్ని బట్టో పిలుస్తారు. మా ఆయన హెవిన్ హవోద్. హవోద్ అంటే కొండమీది మా పొలం. నేను చూస్తే ఊళ్ళో బట్టలకొట్టు వాళ్ళ పిల్లని, పెళ్ళయి కొండెక్కాను. ఈస్టర్ నుంచి అక్టోబరు దాకా ఎక్కడెక్కడి జనమో వస్తే వాళ్ళని వెంటేసుకుని తిప్పేదాన్ని. కూలిపోయిన కోట, చెక్కస్తంభాల సంత మండపం, కాలువ మీద వంతెన, అక్కణ్ణించి పూర్వం మందల్ని లండన్ సంతలకి తోలుకెళ్ళిన బాట పట్టుకుని మా గేటు దాకా. గేటు దగ్గర మా అత్తయ్య తెగ్వెన్ పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష రొట్టెలు, టీ పెట్టేది. తర్వాత మా పక్కపొలం గొరొన్విది. అది దాటి పైకి వెళితే సెయిలో చర్చి, దాని సమాధులు. అదీ నా నడక.

గేటు దగ్గర ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, "మీ కొండకి కంచె ఏదమ్మా?" అని.

"గొర్రెల బుర్రలో ఉంది," అనేదాన్ని.

నవ్వేవాళ్ళు. నేను నవ్వుకి చెప్పిన మాట కాదది. పైన కొండంతా పదిమంది రైతుల ఉమ్మడి భూమి. గోడ లేదు, గుర్తు లేదు. అయినా మా గొర్రె గొరొన్వి వైపు పోదు. ఎక్కడిదాకా మేయాలో, మంచు పడితే ఎక్కడ తలదాచుకోవాలో తల్లిగొర్రె పిల్లకి నేర్పుతుంది. ఆ తల్లికి దాని తల్లి నేర్పింది. హెవిన్ తాతల నాటినుంచీ ఆ చదువు ఒకదాన్నుంచి ఒకదానికి అందుతూ వచ్చింది. అందుకే మా వైపు పొలం అమ్మినా మందని విడిగా అమ్మరు. మంద పోతే కొండ పోయినట్టే.

ఇక జబ్బు సంగతి. గాలికుంటు వస్తే గొర్రె చచ్చిపోదు, నాలుగు రోజులు కుంటి లేస్తుంది. కానీ మా దేశపు చట్టం వేరు. ఒక్కదాని నోట్లో పొక్కు కనపడితే ఆ మందనే కాదు, దానికి హద్దున్న ప్రతి మందనీ చంపేస్తారు, జబ్బున్నా లేకపోయినా. హెవిన్‌కి ఆ వసంతమంతా నిద్రలేదు.

ఊళ్ళో వాళ్ళ బాధ వాళ్ళది. దారులు మూస్తే జనం రారు. జనం రాకపోతే హోటళ్ళూ కొట్లూ ఈగలు తోలుకోవాలి. మార్చి చివర సంత మండపంలో మీటింగ్ పెట్టారు. చౌకులో హోటల్ నడిపే మార్లిస్ లేచింది.

"ఈస్టర్‌కి నా గదులన్నీ ఖాళీ. కోటరాళ్ళకి జబ్బొస్తుందా? చర్చికి జబ్బొస్తుందా? ఎవరో నాలుగు గొర్రెల కోసం ఊరంతా పస్తులుండాలా?"

మాంసంకొట్టు గ్విలిం వెనకనించి అందుకున్నాడు. "ముందు ఐర్లిస్‌ని తేల్చుకోమనండి. పొద్దున ఊరి పక్షం, రాత్రి మొగుడి పక్షం!"

"రాత్రిళ్ళు మా ఆయన గొర్రెల పక్షం గ్విలిం. ఈనే రోజులు. నా మొహం చూసేదెవరు?" అన్నాను. మండపమంతా గొల్లుమంది.

ఆ నవ్వు ఆగకముందే మా అత్తయ్య లేచింది. ఎనభై దాటిన మనిషి, చేతికర్ర నేలమీద టకటకలాడించింది.

"ఒసే మార్లిస్, మీ అమ్మదీ ఇదే తొందర. అందుకే నువ్వు ఏడో నెలకే పుట్టావు." మళ్ళీ నవ్వులు. ఆమె మాత్రం నవ్వలేదు. "నాలుగు గొర్రెలంటున్నావు. అవి పోతే మళ్ళీ కొనుక్కొచ్చుకునేవి కావే అవి. నీ హోటల్లో దిగేవాడు కొండ చూడ్డానికొస్తాడా, బోడిగుట్ట చూడ్డానికొస్తాడా? ఈ గండం గడిచేదాకా ఆ దారిలో ఒక్క అడుగు పడ్డానికి వీల్లేదు. మా ఇంటిమనిషైనా సరే."

మార్లిస్ కూర్చుంది. మీటింగ్ అక్కడితో ముగిసింది. ఇంటికొస్తూ హెవిన్ తల్లి చెయ్యి పట్టుకుని, "నువ్వు పార్లమెంటుకెళ్ళాల్సిందమ్మా," అన్నాడు. ఆమె మురిసిపోయింది. తల్లీకొడుకులు అంత సరదాగా ఉండటం నేను చూసిన ఆఖరి రోజు అదే.

ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారాన్ని మా వైపు పూల ఆదివారం అంటారు. ఆ వేళకి సమాధులన్నీ కడిగి, గడ్డి పీకి, పూలు పెడతారు. ఎంత దూరాన ఉన్నా వస్తారు. నా మటుకు నాకు మా అమ్మానాన్నలది ఊళ్ళోనే, ఇబ్బంది లేదు. అత్తయ్యకి ఉంది. హెవిన్ పుట్టకముందు ఆమెకొక కొడుకు, యేయన్. ఐదేళ్ళవాడు, గొంతువాపు జబ్బుతో పోయాడు. వాడు సెయిలోలో ఉన్నాడు, గొరొన్వి పొలానికి అవతల.

శనివారం సాయంత్రం ఆమె పెరట్లో పసుప్పచ్చ డాఫొడిల్ పూలు కోసి గిన్నెలో నీళ్ళు పోసి పెట్టింది. హెవిన్ చూశాడు.

"అమ్మా, అవెందుకు?"

"ఎందుకేమిట్రా. రేపేమిటో తెలీదా?"

"ఈ ఒక్క ఏడాదికి మానెయ్. దండం పెడతాను. నువ్వే చెప్పావుగా మండపంలో, ఒక్క అడుగు పడకూడదని."

"పరాయివాళ్ళని అన్నాన్రా."

"ఇంటిమనిషైనా సరే అన్నావు."

ఆమె పూలు గిన్నెలో సర్దుతూనే ఉంది. హెవిన్ నిద్రలేక కళ్ళు పుళ్ళయి ఉన్నాడు, ఒళ్ళంతా ఈతల కంపు. కాస్త మెత్తగా చెప్పాల్సింది, చెప్పలేకపోయాడు. "వాడెక్కడికీ పోడుగా అమ్మా. వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాడు," అన్నాడు.

"అవున్రా," అంది అత్తయ్య. "వాడెక్కడికీ పోడు."

ఆదివారం నేను ఊళ్ళోకెళ్ళి మా వాళ్ళ సమాధులు కడిగి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాను. వంటింట్లో పూలగిన్నె ఖాళీగా ఉంది. అత్తయ్య పొయ్యి దగ్గర కూర్చుని మేజోళ్ళు ఆరబెట్టుకుంటోంది.

"అత్తయ్యా! వెళ్ళొచ్చావా?"

"అరవకే. బూట్లు మందునీళ్ళలో ముంచే వెళ్ళాను, ముంచే వచ్చాను. గోడవారన నడిచాను. ఒక్క గొర్రె దగ్గరికి పోతే ఒట్టు." గొంతు తగ్గించింది. "పూలు లేకుండా వాడొక్కడే ఉంటాడే. అందరికీ ఉండి వాడికి లేకపోతే..."

గుమ్మంలో హెవిన్ నిలబడి ఉన్నాడు. కోటు లోపల అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల. ఎంతసేపటినుంచి వింటున్నాడో తెలీదు.

"గొరొన్వి పొలంలోంచేనా?" అని అడిగాడు.

"ఇంకో దారి లేదుగా నాయనా."

అతను పిల్లని పొయ్యి పక్కన అట్టపెట్టెలో పడుకోబెట్టి, సీసాలో పాలు కలిపి, దాని నోటికందించి బయటికెళ్ళిపోయాడు.

ఈస్టర్ వెళ్ళిన వారంలో గొరొన్వి మా గేటు దగ్గరికొచ్చాడు. దగ్గరికంటే దగ్గరికి కాదు, బాటకి అవతల ఆగిపోయాడు. అరవై ఏళ్ళ మనిషి, ఆంబోతులా ఉంటాడు. చేతులు రెండూ పైకెత్తాడు.

"హెవిన్! ఇటు రాకు! నా గొర్రెలు కుంటుతున్నాయి. నోళ్ళనిండా పొక్కులు." అక్కడే గోడకి ఆనుకుని భోరుమన్నాడు. "నన్ను క్షమించరా. మీ హద్దువాణ్ణవడమే మీ ఖర్మ అయింది."

హెవిన్ రెండడుగులు ముందుకేసి ఆగిపోయాడు. దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకోడానికి కూడా లేకపోయింది. ఇద్దరూ బాటకి ఇటొకడూ అటొకడూ నిలబడి ఏడ్చారు.

మా మందలో ఒక్క పొక్కు లేదు. అయినా ప్రభుత్వం వాళ్ళొచ్చి చంపాల్సిన మందల్లో మాదీ రాసుకెళ్ళారు. పశువుల డాక్టరు వయసులో చిన్నది, మంచిపిల్ల. చంపే రోజు పొద్దున వస్తూనే పెరట్లో నాతోటీ హెవిన్‌తోటీ అంది. "గొరొన్వి గారి మందలో పుళ్ళు చాలా పాతవి. మట్టల ఆదివారానికి ముందునుంచే ఉన్నాయి. చలికాలంలో కింది మైదానానికి మేతకి పంపిన ఏడాది గొర్రెపిల్లలు మార్చిలో తిరిగొచ్చాయి కదా, వాటితో వచ్చిందిది. మీ అత్తగారు ఏదో అనుకుంటున్నారని విన్నాను. ఆవిడ వల్ల ఏమీ కాలేదు. చెప్పండి ఆవిడకి."

నా గుండెల మీంచి బండ దిగినట్టయింది. హెవిన్ తలాడించాడు. విన్నాడు. నా పక్కనే ఉన్నాడు, ప్రతి అక్షరం విన్నాడు.

తర్వాత మందని కిందికి దించాలి. వచ్చినవాళ్ళు మోటారు బళ్ళేసుకుని వెనక తరిమితే తల్లులు పిల్లల్ని వదిలేసి చెల్లాచెదురైపోయాయి. చివరికి వాళ్ళలో పెద్దాయన హెవిన్ దగ్గరికొచ్చి, టోపీ తీసి, "అయ్యా, మీరు పిలిస్తే వస్తాయా?" అని అడిగాడు.

వచ్చాయి. హెవిన్ గేటు దగ్గర నిలబడి రోజూ మేతకి పిలిచే పిలుపే పిలిచాడు. కొండ నాలుగు వైపులనుంచీ వచ్చాయి, పిల్లలు వెంట గెంతుకుంటూ. అతని పక్కనించే నడిచి, అతని చేతిని రాసుకుంటూ దొడ్లోకెళ్ళాయి. గేటు కూడా తనే వేశాడు. ఆ పని నా మొగుడిచేత చేయించిన దేవుణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు.

లోపల అత్తయ్య బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చుంది. బస్తా బస్తా తీసేసింది, ఊరికి వండి పెట్టేలా. దొడ్లో తుపాకి పేలిన ఒక్కో చప్పుడుకీ ఆమె భుజాలు అదిరేవి. నేను పక్కన కూర్చుని డాక్టరు చెప్పింది చెప్పాను, ఒకటికి మూడుసార్లు.

"వాడు విన్నాడా?" అంది.

"విన్నాడు అత్తయ్యా."

"అయితే వాడు చెప్పనీ."

సాయంత్రానికి చప్పుళ్ళు ఆగాయి. హెవిన్ లోపలికొచ్చి పంపు కింద చేతులు పెట్టాడు. సబ్బు రాస్తాడు, కడుగుతాడు, మళ్ళీ రాస్తాడు. అత్తయ్య కుర్చీలోంచి లేచింది.

"నావల్లేనట్రా?"

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. నేను అతని వీపు వంక చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అనుకున్నాను. తువాలుతో చేతులు తుడుచుకుని, తువాలు మడిచి, కుర్చీమీద వేసి బయటికెళ్ళిపోయాడు.

మే అంతా, జూనంతా అంతే. "రొట్టె ఇటు అందుకో," "వాన పడేట్టుంది," ఇవే మాటలు తల్లీకొడుకుల మధ్య. కొట్టుకున్నా బాగుండేది. కొండమీద ఒక్క అరుపు లేదు. గడ్డి మోకాలెత్తు పెరిగిపోయింది. మందకుక్క మోస్ పొద్దున్నే గేటు దగ్గరికెళ్ళి కూర్చునేది, పని లేక మధ్యాహ్నానికి తిరిగొచ్చేది.

ఒకరోజు ఉండబట్టలేక హెవిన్ని దొడ్లో పట్టుకుని కడిగేశాను. "నీకు మనసుందా, బండరాయా? అమ్మ వల్ల కాదని నీకు తెలుసు."

"తెలుసు."

"మరి ఒక్క ముక్క చెప్పడానికి నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

అతను ఖాళీ నీళ్ళతొట్టి అంచున కూర్చున్నాడు. "గొరొన్వి మీద కోపపడదామంటే వాడు నాకంటే ఎక్కువ ఏడుస్తున్నాడు. ప్రభుత్వం మీద కోపపడదామంటే దానికో మొహం లేదు. దేవుణ్ణి తిట్టాను, ఉలకడు పలకడు. అమ్మ మీద కాకపోతే ఈ కోపం ఎవరిమీద పెట్టుకోను ఐర్లిస్? నువ్వు చెప్పు."

నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. ఆ మొండితనం మీద ఎంత మండినా, ఆ మనిషి మీద జాలి తీరలేదు నాకు.

జూన్ చివర ఊరివైపు దారులు తెరిచారు. మళ్ళీ గొడుగు తీశాను. కోట చూపించి, మండపం చూపించి, కాలువ వంతెన దగ్గర ఆపేసేదాన్ని. జనం కొండ వైపు వేళ్ళు చూపించి, "ఎంత ప్రశాంతంగా ఉందో!" అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా గొడుగు విరిచి వాళ్ళ నెత్తిన కొట్టాలనిపించేది. నవ్వి ఊరుకునేదాన్ని. అన్నం పెట్టే పనాయె.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. పూల ఆదివారం సంగతి ఊరంతా పాకింది. ఓ రోజు అత్తయ్యని తీసుకుని గ్విలిం కొట్టుకెళ్ళాను. వరసలో మా ముందు మార్లిస్. వెనక్కి తిరిగి అత్తయ్యని చూసి, గబుక్కున పక్కకి తప్పుకుంది.

"నువ్వు ముందు తీసుకో పిన్నీ," అంది.

అత్తయ్య కదల్లేదు. "తిట్టవేమే?"

"ఏం తిట్టను పిన్నీ?"

"మండపంలో అందరిముందూ నీ నోరు మూయించి, నేనే వెళ్ళొచ్చాను కదే. తిట్టు. నీకు నోరు లేకనా?"

మార్లిస్ కళ్ళనిండా నీళ్ళు. "మా అమ్మ సమాధికి నేనూ వెళ్ళాను పిన్నీ ఆ రోజు. మాది ఊళ్ళో ఉంది కాబట్టి సరిపోయింది. కొండమీదుంటే నేనూ ఎక్కేదాన్నే."

గ్విలిం కత్తి కింద పెట్టేసి గోడ వంక చూస్తున్నాడు. అత్తయ్య ఏమీ కొనకుండా బయటికొచ్చేసింది. దారిలో నాతో, "అందరూ మంచివాళ్ళయిపోయారే నా ప్రాణానికి," అంది.

సెప్టెంబరులో హెవిన్ కొత్త గొర్రెలు తెచ్చాడు, ఎక్కడో ఉత్తరాన ఒక పెద్ద పొలం నుంచి. మంచి జాతివే. కానీ కంచెల మధ్య పెరిగినవి, వాటికి కొండ తెలీదు. నేర్పే తల్లి లేదు. వదిలిన మర్నాడే కొండ దిగి, కాలువ వంతెన దాటి, తిన్నగా సంత చౌకులోకొచ్చేశాయి. శనివారం, నేను గడియారం కింద జనంతో ఉన్నాను. మార్లిస్ హోటల్ ముందున్న పూలకుండీలన్నీ కరకర నమిలేశాయి. వచ్చినవాళ్ళు తెగ సంబరపడి ఫోటోలు తీసుకున్నారు, నేనే ఏదో ఏర్పాటు చేశాననుకుని. ఒకావిడ నాకు చప్పట్లు కూడా కొట్టింది. హెవిన్ మోస్‌ని వెంటేసుకుని వచ్చి, తలెత్తకుండా తోలుకెళ్ళాడు. కొండ తెలిసిన గొర్రెల్ని పెంచిన ఇంటివాడికి అంతకంటే తలవంపులుండవు.

అలాంటి మందని నిలపాలంటే ఒకటే దారి. పూర్వం ఎప్పుడో మంచుకి మందలు పోయినప్పుడు పెద్దలు చేసింది అదే. ఒక మనిషి రోజూ హద్దుమీద నిలబడి, దాటబోయినప్పుడల్లా వెనక్కి మళ్ళించాలి. ఏళ్ళు పడుతుంది. ఈ గొర్రెలకి కాదు, వీటి పిల్లల పిల్లలకి పట్టుబడుతుంది చదువు.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య కోటు తొడుక్కుని, కర్ర తీసుకుని, మోస్‌ని పిలిచింది.

"ఎక్కడికి?" అన్నాను.

"మళ్ళించడానికి. ఇంట్లో పనీపాటా లేనిదాన్ని నేనొక్కదాన్నేగా."

"అత్తయ్యా, నీ వయసెంత? ఆ గాలికి ఎగిరిపోతావు!"

"పోతే పోతాను. కొండ దిగి సంతలోకైతే పోనుగా."

నేను హెవిన్ వంక చూశాను. బల్లదగ్గర టీ తాగుతున్నాడు. లేవలేదు. ఆమె వెళ్ళాక మీదపడ్డాను. "ముసలితల్లిని కొండకి పంపిస్తావా?"

"నేను పంపలేదు. తనే వెళ్ళింది."

"ఆపావా?"

కప్పు బల్లమీదే వదిలేసి దొడ్లోకెళ్ళిపోయాడు.

అలా రోజూ వెళ్ళేది. ఎండైనా వానైనా. రొట్టెముక్క జేబులో పెట్టుకుని, చీకటి పడేముందు దిగేది. గొంతు బొంగురుపోయింది, దగ్గు పట్టుకుంది. నేను బతిమాలాను, తిట్టాను, బూట్లు దాచేశాను. పాత చెప్పులతో వెళ్ళింది. నా నడకలు లేని రోజుల్లో నేనూ వెంట వెళ్ళి నిలబడేదాన్ని. ఆమెతో నిలబడటం తప్ప ఆమెని దించడం నావల్ల కాలేదు.

అక్టోబరు ఆఖరు వారం. కొండదారులు కూడా తెరిచారు, ఆ ఏడాదికి నా చివరి నడక. చాన్నాళ్ళకి జనాన్ని మా గేటు దాకా తెచ్చాను. టీ, రొట్టెలు నేనే చేసి పెట్టాను. జల్లు పడుతోంది, గాలి ఈడ్చికొడుతోంది. హెవిన్ గేటు గొళ్ళెం బిగిస్తున్నాడు. వచ్చినవాళ్ళలో ఒక పెద్దమనిషి, దుర్బుద్ధి ఏమీ లేనివాడు, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"ఆ దిష్టిబొమ్మ భలే కట్టారండీ! నిజంగా మనిషిలాగే ఉంది. కోటు ఎలా కొట్టుకుంటోందో చూడండి," అన్నాడు.

హెవిన్ చేతిలో సుత్తి ఆగింది. అతనూ పైకి చూశాడు. హద్దుమీద అత్తయ్య నిలబడి ఉంది, కర్రమీదకి వంగి, గాలికి ఊగుతూ. రోజూ చూస్తున్నదే. ఆ వేళే చూసినట్టు చూశాడు. సుత్తి గోడమీద పెట్టి కొండెక్కడం మొదలుపెట్టాడు. మొదట నడక, తర్వాత పరుగు. నేను జనాన్ని అలాగే వదిలేసి వెనకాల పరిగెత్తాను.

నేను చేరేసరికి అతను తల్లి ముందు నిలబడి ఆయాసపడుతున్నాడు.

"అమ్మా, కిందికి రా."

"ఇంకా వెలుతురుందిగా."

"అమ్మా, నీవల్ల కాదు. గొరొన్వి మందకి ముందే ఉంది జబ్బు. నువ్వు వెళ్ళినా, వెళ్ళకపోయినా మనవి పోయేవే. నీ తప్పేం లేదు."

ఆమె కొంగులా చుట్టుకున్న శాలువాతో మొహం మీద వాన తుడుచుకుంది. "నీకెప్పుడు తెలుసు?"

"మొదట్నుంచీ తెలుసు."

"ఆ రోజు నువ్వు చేతులు కడుక్కుంటుంటే అడిగాను. అప్పుడూ తెలుసా?"

"తెలుసమ్మా."

నేను ఆమె తిడుతుందనుకున్నాను. చెంప పగలగొట్టినా న్యాయమే అనుకున్నాను. ఆమె చెయ్యెత్తి, పైకి మడతపడ్డ అతని కోటు కాలరు సరిచేసింది, స్కూలుకి పంపేటప్పుడు చేసినట్టు.

"ఆ రోజు చెప్పుంటే నమ్మేదాన్నిరా," అంది. "ఇప్పుడు నన్ను చూసి జాలేసి చెప్తున్నావు."

"జాలి కాదమ్మా. నిజం. ఐర్లిస్‌ని అడుగు. డాక్టర్ని అడుగు."

"నిజమే అయ్యుంటుంది. కాదనను. కానీ ఇన్ని నెలలు నేనే చంపానని పడుకున్నాను, నేనే చంపానని లేచాను. అది లోపల పాతుకుపోయిందిరా. ఇప్పుడు నువ్వు పీకితే రాదు."

అవతల రెండు గొర్రెలు హద్దు దాటి గొరొన్వి వైపు దిగుతున్నాయి. ఆమె మోస్‌కి ఈల వేసి, కర్ర ఊపుకుంటూ వాటి వెనక బయల్దేరింది.

హెవిన్ అక్కడే నిలబడిపోయాడు. "అమ్మా, నీవల్ల కాదు!" అని మళ్ళీ అరిచాడు, ఈసారి గొంతు చించుకుని. గాలి మా మొహాలకే కొడుతోంది. ఆమెకి వినపడిందో లేదో నాకు తెలీదు. వెనక్కి మాత్రం తిరగలేదు.